గత వారం మనం గెలిచామా?

...ఎందుకంటే మరిచిపోవడం వేరు, తెలియకపోవడం వేరు. మరిచిపోయినవాడి మొహంలో ఒక వెతుకులాట ఉంటుంది, తాళంచెవి ఏ జేబులో పెట్టానా అని తడుముకునేవాడిలా. తెలియనివాడి మొహం అలా ఉండదు. అది ఎదుటివాణ్ణే తిరిగి అడుగుతుంది. ఈ రెంటినీ వేరుచేసే గడి ఒకటి ఫారంలో ఉంటే బాగుండేదనుకుంటూ నేను పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశాను. ఫారంలో ఉన్నవి రెండే గడులు. సరి. తప్పు.

"అడగండి డాక్," అన్నాడు ఫినౌ. "పన్నెండు నిమిషాల్లో నన్ను వదలకపోతే నా చోటు ఇంకొకడికి ఇచ్చేస్తారు."

ఫినౌకి ఇరవై మూడేళ్లు. టోంగా దీవుల కుటుంబం, పుట్టింది మాత్రం ఇక్కడే, ఆస్ట్రేలియా తూర్పు తీరంలో. మా రగ్బీ జట్టు పేరు పెలికన్లు. అందులో జనం పనిగట్టుకుని వచ్చి చూసే ఆటగాడు ఇతనొక్కడే. నేను ఆ జట్టుకు మ్యాచ్ రోజు డాక్టర్ని. ఆటలో ఎవరి తలకైనా దెబ్బ తగిలితే ఈ చిన్న గదిలోకి తీసుకొచ్చి ఐదు ప్రశ్నలు అడుగుతాను. ఇది ఏ గ్రౌండు? ఇప్పుడు ఏ హాఫ్ నడుస్తోంది? చివరగా పాయింట్లు ఎవరు చేశారు? గత వారం ఎవరితో ఆడారు? ఆ మ్యాచ్ గెలిచారా? ఒక్కటి తప్పినా మెదడు కదిలినట్టు. ఆ రోజుకి ఆటగాడు బయటే. మంచి ప్రశ్నలు. ఎవరో తెలివైన వైద్యులు ఏనాడో ఆలోచించి పెట్టినవి. లోకం స్థిరంగా ఉంటుందనీ కదిలేది మెదడొక్కటేననీ వాళ్లు నమ్మారు.

"ఇది ఏ గ్రౌండు?"

"నది పక్క గ్రౌండు. మా నాన్న ఆడిన గ్రౌండు."

"అధికారికంగా?"

"పోయినేడు ఒక పెయింట్ల కంపెనీ పేరుండేది. ఇప్పుడు పరుపుల కంపెనీది కదా?"

చెవిలో పెట్టుకున్న రేడియోలో రగ్బీ సమాఖ్య ఆఫీసుని అడిగాను. పరుపుల కంపెనీ ఒప్పందం ఉదయం పదకొండింటికి ముగిసిందట. ప్రస్తుతం ఇది పిల్లుల ఆహారం చేసేవాళ్ల పేరు మీద ఉంది. తప్పు అని టిక్కు పెట్టాను.

"ఇప్పుడు ఏ హాఫ్?"

"రెండోది."

యువతరాన్ని ఆకర్షించడానికి ఈ ఏడాది మ్యాచ్‌ను నాలుగు అనుభవ ఘట్టాలుగా విడదీశారు. ఇది మూడో ఘట్టం. తప్పు. చివరగా పాయింట్లు చేసిందెవరన్నది ఎవరికీ తెలియదు. బంతి గీత మీద పడిందా, గీతకి ఇవతల పడిందా అని టీవీ రెఫరీ పదకొండు నిమిషాలుగా చూస్తున్నాడు. గత వారం ఆడిన జట్టు పేరు ఫినౌ టక్కున చెప్పాడు. దురదృష్టవశాత్తు ఆ జట్టుని బుధవారం నాడు మూసేశారు. మూసేసిన జట్టుతో ఆడిన మ్యాచ్‌లన్నిటినీ సమాఖ్య రికార్డుల నుంచి తొలగించింది. కాబట్టి గత వారం పెలికన్లు ఎవరితోనూ ఆడలేదు. ఫినౌ కనుబొమ మీద ఆ ఆడని మ్యాచ్‌లో పడిన నాలుగు కుట్లున్నాయి. వేసింది నేనే.

"గెలిచారా?"

"డాక్!" అని పగలబడి నవ్వాడు.

సున్నా. లోపలికి పంపడానికి వీల్లేదని చెప్పాను.

"నాకేం కాలేదు డాక్."

"తెలుసు."

ఆ రోజు ఇలా ఏడుగుర్ని బయట కూర్చోబెట్టాను. ఎనిమిదిమందీ ఎనిమిదిమందీ తలలు కలిపి తోసుకునే స్క్రమ్ అనే ఘట్టం ఒకటుంటుంది ఈ ఆటలో. దానికి మావైపు మనుషులు చాలక అవతలి జట్టు గాలిని తోసి గెలిచింది.

"ఏందన్నా ఇది?" అంది స్వరూప, ఐస్ సంచులు సర్దుకుంటూ. స్వరూపది హనుమకొండ. జట్టుకు ఫిజియోథెరపిస్టు. నాది ముమ్మిడివరం పక్క పల్లె. ఈ గ్రౌండులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. "ఏడుగురికీ ఏం కాలే. కాళ్లు మంచిగున్నయి, కండ్లు మంచిగున్నయి. మరి గీ పిల్లుల కంపెనీ పేరు నాకు సుత తెల్వది. నన్ను గూడ బయట కూసోవెడ్తవా?"

"నువ్వు ఆటగత్తెవి కాదు కదమ్మా."

"గట్లంటవు గని, నీకు తెల్సా?"

నాకూ తెలియదు. రేడియోలో అడిగాను కాబట్టి తెలిసింది.

సోమవారం సమాఖ్య ఆఫీసులో సమావేశం. అధ్యక్షుడు వెదర్‌బీ డెబ్భై దాటిన పెద్దమనిషి, గళ్ల టై. కొత్తవాళ్లెవర్ని చూసినా ఆయన అడిగే మొదటి ప్రశ్న ఏ స్కూలు అని. ఇక్కడ ఈ ఆట నాలుగైదు పెద్ద స్కూళ్ల పచ్చికలో పుట్టి, చాలామటుకు అక్కడే ఉండిపోయింది.

"మీరు ఏ స్కూలు, డాక్టర్?"

"ముమ్మిడివరం బోర్డు హైస్కూలండీ."

"ఆహా," అన్నారాయన, దానితో తలపడిన రోజులేవో గుర్తు తెచ్చుకుంటున్నట్టు. "మంచి జట్టేనా?"

"మేం కబడ్డీ ఆడేవాళ్లమండీ."

"ముందువరసలోనా?"

అవునన్నాను. ఆయన తృప్తిపడ్డారు.

ఉన్నత ప్రతిభ విభాగం డైరెక్టర్ మిస్ ప్రెస్కాట్ తెరమీద ఒక గ్రాఫు చూపించింది. "క్రీడాకారుల వ్యక్తిగత స్మృతికీ సంస్థాగత స్మృతికీ మధ్య పొందిక లోపించినట్లు మా పరిశీలనలో వెల్లడైంది," అంది. "దీనిని మేము సమస్యగా కాక, ఒక అవకాశంగా పరిగణిస్తున్నాము."

నేను చెయ్యెత్తాను. ప్రశ్నల్లో దోషం లేదనీ, జవాబులు నిలకడగా ఉంటే చాలనీ చెప్పాను. గ్రౌండుకు ఒక పేరు, పోటీకి ఒక పద్ధతి, జట్లకు కనీసం ఒక సీజను ఆయుష్షు ఉంటే పిల్లలు ఐదింటికి ఐదూ చెప్పేస్తారన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నన్ను మర్యాదగా చూశారు. ఎవరి ఇంట్లోనో కుర్చీలు ఎటు తిప్పుకోవాలో చెప్పిన అతిథిని చూసినట్టు. తరవాత మినిట్స్‌లో ఈ ఘట్టాన్ని "డాక్టరుగారు హర్షం వ్యక్తం చేశారు" అని రాశారు.

"ఇంత చిన్న పరీక్షకు ఇంత రాద్ధాంతమెందుకు?" అన్నారు వెదర్‌బీ. "నన్ను అడగండి. ఆరోగ్యవంతుడు ఎలా చెబుతాడో అందరూ చూస్తారు."

అడిగాను. ఏ గ్రౌండు? "మన గ్రౌండు." ఏ హాఫ్? "మొదటిది. ఇంకా బోలెడు సమయముంది." చివరగా పాయింట్లెవరివి? "మనవే." గత వారం ఎవరితో ఆడాం?

ఆయన కళ్లు మూసుకున్నారు. "ఇంగ్లండుతో. చినుకులు పడుతున్నాయి. చివరి నిమిషం."

"గెలిచామా?"

"గెలిచాం," అన్నారు. బల్ల చుట్టూ ముగ్గురు కళ్లు తుడుచుకున్నారు. ఆయన చెబుతున్న మ్యాచ్ జరిగేనాటికి నేను కాకినాడలో హౌస్ సర్జన్‌ని. అది ముప్ఫై ఏళ్ల నాటి మాటని ఎవరైనా అంటారేమోనని చూశాను. నేను కూడా ఎదురుచూసేవాళ్లలో ఒకణ్ణే అని, అనవలసినవాణ్ణి కూడా నేనేనని, కాస్త ఆలస్యంగా తోచింది.

మిస్ ప్రెస్కాట్ నావైపు తిరిగింది. "అధ్యక్షులవారి శిరస్సుకు ఇటీవల గాయమైన దాఖలాలేమైనా ఉన్నాయా, డాక్టర్?"

"లేవండీ."

"అంటే ఈ జవాబులు గాయపడని మెదడు ఇచ్చినవి."

"అవునండీ, కాని..."

"కనుక ఇవే సరైన జవాబులు."

మెట్టు మెట్టుగా చూస్తే ఎక్కడా తప్పు దొరకలేదు. నా వృత్తిలో ఇటువంటి తర్కాన్ని చాలా గదుల్లో విన్నాను కాని, ఆ గదుల్లో బల్లకు అవతల కూర్చున్న రోగులు చెప్పేవాళ్లు, ఇవతలి వైద్యులం రాసుకునేవాళ్లం. ఇక్కడ కుర్చీలు తిరగబడ్డాయి. అంతే తేడా.

బుధవారానికి సర్క్యులర్ వచ్చింది. "తలగాయ నిర్ధారణ ప్రక్రియను సరళీకరించు నిమిత్తము, అధ్యక్షులవారి సమాధానములను ఆధార స్మృతిగా స్వీకరించడమైనది. సదరు స్మృతితో ఏకీభవించు క్రీడాకారుడు ఆరోగ్యవంతుడుగాను, విభేదించు క్రీడాకారుడు గాయపడినవాడుగాను పరిగణింపబడును. క్లాజు తొమ్మిది: ఐదు సమాధానములు సరియైనచో, ఇతర శారీరక లక్షణములు ఎట్లున్నను, క్రీడాకారుని ఆపుటకు వైద్యునికి అధికారము లేదు."

జట్టు పిల్లలు బస్సులో జవాబులు వల్లెవేయడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు మేం ఎక్కాలు చదివినట్టే, ఊగుతూ. మన గ్రౌండు, మొదటి హాఫ్, మనవే, ఇంగ్లండు, గెలిచాం. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. అది నాకు తెలుసు, చెప్పడానికి ఫారంలో చోటు లేదు. బట్టీ పట్టింది మెదడులో చాలా లోతున దాక్కుంటుంది. దెబ్బ తగిలినా అది కదలదు. సొంత పేరు తడబడేవాడు కూడా పదమూడో ఎక్కం అప్పజెప్పగలడు. కాబట్టి నిజంగా తల అదిరినవాళ్లు ఐదింటికి ఐదూ గడగడా చెప్పి లోపలికి పరిగెత్తారు. తల బాగున్నవాళ్లకే చిక్కు వచ్చింది. వాళ్లు ఐదో ప్రశ్న దగ్గర ఒక్క క్షణం ఆగేవారు. గత వారం నలభై పాయింట్ల తేడాతో ఓడిపోయిన సంగతి వాళ్లకి గుర్తుంది.

జట్టులో ఒక కొత్త కుర్రాడు ఉండేవాడు, పల్లె నుంచి వచ్చినవాడు. మూడు వారాలు వరసగా "ఓడిపోయాం సార్" అన్నాడు. మూడు వారాలూ బయట కూర్చున్నాడు. నాలుగో వారం అవతలివాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఈ దేశంలో రగ్బీలు రెండు. మాది పదిహేనుమంది ఆడేది. పదమూడుమంది ఆడేది ఇంకొకటుంది. జనం అటు వెళ్తారు, ఆటగాళ్లూ అటే వెళ్తారు. మా ఆఫీసులో దాని పేరెత్తరు, "అవతలివాళ్లు" అంటారు. మిస్ ప్రెస్కాట్ ఆ కుర్రాడి ఫైలులో "కోలుకుని వెళ్లిపోయెను" అని రాయించింది.

"అన్నా, దెబ్బ తగిలినోడేమో లోపట ఉర్కుతుండు, మంచిగున్నోడేమో బయట కూసుంటుండు," అంది స్వరూప. "నువ్వు డాక్టరువి. ఒక్క మాట అనరాదా?"

"అన్నానమ్మా. హర్షం వ్యక్తం చేశానని రాశారు."

"మల్ల అను."

"మళ్లీ అంటే మళ్లీ హర్షమే అవుతుంది."

ఆమె నావైపు చూసిన చూపు నాకు నచ్చలేదు. రోగిని చూసే చూపు అది.

తరవాతి నెలలో పరీక్షను ప్రేక్షకులకు విస్తరించారు. స్టాండ్లలో నిరుత్సాహం ఎక్కువగా ఉందని, నిరుత్సాహం తలగాయానికి తొలి లక్షణమని ఒక ఉపసంఘం కనిపెట్టింది. గేటు దగ్గర వాలంటీర్లు ఐదు ప్రశ్నలూ అడిగేవారు. తప్పు చెప్పినవాళ్లని చేయి పట్టుకుని జాగ్రత్తగా ఒక చీకటి గుడారంలోకి తీసుకెళ్లేవారు. వెలుతురు లేదు, టీవీ లేదు, రగ్బీ లేదు. నిబంధనల ప్రకారం పన్నెండు రోజుల విశ్రాంతి. ఫ్లాస్కుతో వచ్చిన ఒక ముసలాయన మాత్రం గట్టిగా వాదించాడు. "ఓడిపోయాం. నేను ఇక్కడే కూర్చుని చూశాను. నలభై ఏళ్లుగా అదే సీటు," అన్నాడు. అంత బలమైన స్మృతి మరీ ప్రమాదకరమని ఆయనకి ఇరవై నాలుగు రోజులు రాశారు.

మొదట ఒక గుడారం. తరవాత మూడు. ఒకరోజు కుట్ల సామాను కోసం అటుగా వెళ్తే లోపల్నుంచి మాటలు వినిపించాయి. ఫలానా ఏడాది ఫలానా ఆటగాడు ఎడమ కాలితో కొట్టిన బంతి, స్క్రమ్‌లో ఎవరి మెడ ఏ వైపు తిరిగింది, రెఫరీ ఎందుకు పొరపడ్డాడు. చీకట్లో రెండువందల మంది మెల్లగా, ఇష్టంగా వాదించుకుంటున్నారు. ఇవతల స్టాండులో నిశ్శబ్దం.

"ఆట తెల్సినోళ్లందరు టెంట్లనే ఉన్నరన్నా," అంది స్వరూప.

స్టాండులో మిగిలినవాళ్లు మూడువందల పన్నెండు మంది. వాళ్లలో నూటికి నూరు మందీ జట్టు గెలుస్తోందని నమ్ముతున్నట్టు సమాఖ్య పత్రికలవాళ్లకి ప్రకటన ఇచ్చింది. ఈ దేశంలో మరే ఆటకూ ఇంత సంతృప్తి లేదట. అది నిజమే అయ్యుంటుంది.

ఇంతలో నాకొకటి జరిగింది. చెప్పుకోదగ్గది కాదు. నేను ఒక్కణ్ణే ఉంటాను. పొద్దున్న టీ నీళ్లు మరిగేటప్పుడు ఆ ప్రశ్నలు నన్ను నేనే అడుక్కోవడం అలవాటు. వైద్యుడు తన పరికరాన్ని అప్పుడప్పుడూ సరిచూసుకోవాలి కదా. ఇప్పుడు ఏ హాఫ్ అన్నదానికి యాభై నాలుగేళ్ల మనిషి కాసేపు ఆగాలి. ఆగేవాణ్ణి. ఆ ఆగడంలో ఒక సుఖం కూడా ఉండేది. ఆ రోజు ఆగలేదు. మొదటిది, మనవే, ఇంగ్లండు, గెలిచాం. నీళ్లు ఇంకా మరగనేలేదు. స్టవ్ ముందు నిలబడి, గత శనివారం నిజంగా ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోబోయాను. గుర్తుంది. కాని అది గోడకు అవతల ఇంట్లో రేడియో మోగినట్టు వినిపించింది. అప్పటికి నేను నలభై ఒక్క ఫారాల మీద సంతకం పెట్టాను. ఒక్కదానిలోనూ అబద్ధం రాయలేదు. ప్రతి టిక్కూ సర్క్యులర్ ప్రకారం నిజం.

సీజను చివరి మ్యాచ్. యాభై ఎనిమిదో నిమిషంలో ఫినౌ ఒక భారీ మనిషిని పడగొట్టబోయాడు. ఆ మనిషి తుంటి ఎముక ఇతని కణతకు తగిలింది. పడుతున్నప్పుడే రెండు చేతులూ కర్రల్లా ముందుకు బిగుసుకుపోయాయి. అది మెదడు దెబ్బతిన్న గుర్తు, చూస్తే ఏ వైద్య విద్యార్థి అయినా ఇంకేం అడగడు. ఫినౌ లేచాడు. చుట్టూ చూశాడు. మెల్లగా నడుచుకుంటూ వెళ్లి ప్రత్యర్థి జట్టువాళ్ల మధ్య నిలబడి, వాళ్ల కెప్టెన్ చెప్పేది శ్రద్ధగా విన్నాడు.

గదిలోకి తీసుకొచ్చాం. బల్ల మీద కూర్చోబెట్టి అడిగాను.

"మన గ్రౌండు. మొదటి హాఫ్. మనవే. ఇంగ్లండు. గెలిచాం." ప్రశ్నలు సగంలో ఉండగానే చెప్పేశాడు. మొహం వెలిగిపోతోంది. అందులో వెతుకులాట లేదు, ఎదురు ప్రశ్న లేదు. ఏమీ లేదు.

"ఫలితం, డాక్టర్?" అంది రేడియోలో మిస్ ప్రెస్కాట్.

"ఐదుకి ఐదండీ."

"అత్యద్భుతం. స్టాండులో అవతలివాళ్ల ప్రతినిధులు ఇద్దరున్నారు, అతన్ని తన్నుకుపోవడానికి వచ్చారు. అతడు మైదానంలో కనిపించడం సంస్థకు ప్రాణావసరం. దయచేసి వెంటనే పంపండి."

స్వరూప అతని భుజానికి ఊడిపోయిన పట్టీ మళ్లీ చుడుతోంది. నాలుగేళ్లుగా ప్రతి మ్యాచ్‌కూ అదే భుజానికి చుడుతోంది. వాళ్లమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు వాళ్లింటికి అన్నం పట్టుకెళ్లింది కూడా ఆమే. ఫినౌ ఆమె మొహంలోకి చూసి, మర్యాదగా చెయ్యి చాపాడు.

"హలో. నా పేరు ఫినౌ."

స్వరూప నవ్వింది. ఈ పిల్లాడు ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం చేస్తాడు. చెయ్యి కలిపి, "నా పేరు మహారాణి," అంది. అతను తలాడించాడు. "మిమ్మల్ని కలవడం సంతోషం," అన్నాడు.

ఆమె నవ్వు ఆగింది. పట్టీ చుట్ట నేల మీద దొర్లిపోయింది.

"అన్నా," అంది చిన్న గొంతుతో. "పిలగానికి నేనెవర్నో యాదికొస్తలేదు. ఇంకో దెబ్బ తగిల్తె సచ్చిపోతడన్నా."

"డాక్టర్, మూడు నిమిషాలు మాత్రమే ఉన్నాయి," అంది రేడియో.

"అతనికి బాగాలేదండీ. మనుషుల్ని గుర్తుపట్టడం లేదు."

"ఐదు ప్రశ్నలలో మనుషుల ప్రస్తావన ఉన్నదా?"

"లేదండీ."

"అయితే మీరు లేని ప్రశ్నకు సమాధానం ఆశిస్తున్నారు. క్లాజు తొమ్మిది ఒకసారి చదువుకోండి. అతన్ని ఆపే అధికారం మీకు లేదు."

చదువుకోనక్కరలేదు, నోటికి వచ్చు. ఆమె చెప్పింది నిజం. ఆటగాణ్ణి ఆపే అధికారం నాకు లేదు. ఫారంలో తప్పు రాసే వీలు కూడా లేదు. అతను చెప్పినవన్నీ సరైనవే. నేను ఐదు టిక్కులూ పెట్టి, సంతకం చేసి, తేదీ వేశాను. నలభై రెండోది. స్వరూప నా చేతివైపు చూసి మొహం తిప్పుకుంది. ఫినౌ బల్ల మీంచి దిగబోయాడు. తలుపు అవతల గీత దగ్గర ఉండే సహాయ రెఫరీ జెండా ఊపుతూ పిలుస్తున్నాడు.

అప్పుడు నేను నేల మీద కూర్చున్నాను. ఎందుకో ముందుగా అనుకోలేదు. మోకాలు నొప్పి పుట్టింది. ఎదురుగా ఫినౌ కాళ్లున్నాయి, బురద బూట్లతో. బూట్లు లేకుండా ఎవర్నీ రెఫరీ లోపల అడుగు పెట్టనివ్వడు. ఆ నిబంధనను మారుస్తూ ఏ సర్క్యులరూ రాలేదు.

లేసు తడిసి ముడి బిగుసుకుపోయింది. గోటితో పట్టి లాగాను. రాలేదు. మళ్లీ లాగాను.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు ఫినౌ పైనుంచి.

"బూటు విప్పుతున్నాను."

"అలాగా," అన్నాడు. కాస్త ఆలోచించాడు. "మ్యాచ్ అయిపోయిందా?"

"నీకు అయిపోయింది బాబూ."

చెవిలో రేడియో నన్ను పేరుతో పిలుస్తోంది. బూటు కాలినుంచి ఊడి వచ్చింది. ఫినౌ రెండో కాలు ముందుకు చాపాడు. దాని ముడి కూడా పట్టుకుని లాగాను.